జ్యూరిచ్ క్లాసు, కట్టమంచి తీర్పు

1856లో జ్యూరిచ్ పాలిటెక్నిక్‌వారు ఒక నేపుల్స్ మాస్టారిని పిలిపించి ఇటాలియన్ సాహిత్యం చెప్పమన్నారు. కాలేజీ తెరిచి అప్పటికి సరిగా ఏడాది కూడా కాలేదు. అక్కడ చేరిన కుర్రవాళ్లు వంతెనలు కట్టడం, యంత్రాలు బిగించడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు. వీధిలో వినిపించేది జర్మన్. ఆ ఊళ్లో నాలుగేళ్లు నిలబడి డాంటే, పెట్రార్క్, అరియోస్తోల మీద పాఠాలు చెప్పినాయన ఫ్రాంచెస్కో దె సాంక్తిస్. ఇటాలియన్ సాహిత్య విమర్శకు ఆద్యుడని ఆ దేశం వాళ్లు ఇప్పటికీ ఆయన్నే చెప్పుకుంటారు.

1914లో కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ వచ్చింది. తెలుగులో ఆధునిక విమర్శ ఆ పుస్తకంతోనే మొదలైందని మన సాహిత్య చరిత్రలు చెబుతాయి. ఆ మాటతో నాకు పేచీ లేదు. పేచీ ఆ తర్వాత జరిగిన దానితో.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదవాలన్న బుద్ధి ఖరగ్‌పూర్‌లో ఉండబట్టే పుట్టింది. ముందే చెప్పాలి, ట్రాఫిక్ అంటే మా ఊళ్లో బళ్ల రద్దీ కాదు, ఒక పేట. రైల్వేవాళ్ల ఊరు గనక పేటల పేర్లు కూడా అలాగే ఉంటాయి: ట్రాఫిక్, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. 1927లో ఇక్కడి కార్మికులు సమ్మె కట్టినప్పుడు ముందు నిలబడ్డవాళ్లలో వి.వి. గిరి ఒకరు. ఆ కార్మికుల మునిమనవలు ఇప్పుడు ఇంట్లో అమ్మతో తెలుగు, వీధిలో హిందీ, గోల్‌బజార్‌లో బంగ్లా, కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు మాట్లాడతారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని తీర్మానించింది. పత్రికలన్నీ ఖరగ్‌పూర్ పేరెత్తి రాశాయి. స్వీట్లు పంచుకున్నాం. కానీ హోదా వచ్చిన భాషలో పిల్లలకు ఏ కావ్యం చెప్పాలో, ఎలా చెప్పాలో ఏ ప్రభుత్వ ఉత్తర్వూ చెప్పదు. అది మాస్టార్లు తేల్చుకోవలసిన సంగతి. ఇంజనీరింగే లోకమైన ఊళ్లో, పరాయి భాష నడుమ, ఉద్యోగానికి పనికిరాని సాహిత్యాన్ని చెప్పి నిలిచినవాడు ఎవడైనా ఉన్నాడా అని వెతికితే నాకు దొరికినవాడు దె సాంక్తిస్.

మన తెలుగు ‘తూర్పు దేశపు ఇటాలియన్’ అని ఎవరో పరాయివాడు అన్నాడట. ఆ బిరుదు మెడలో వేసుకుని వందేళ్లకు పైగా తిరుగుతున్నాం. మాటలు అచ్చుల్తో ముగుస్తాయన్న ఒక్క పోలిక పట్టుకుని ఇంత మురిసిపోయాం గానీ, ఇటాలియన్‌వాళ్లు తమ సాహిత్యాన్ని బళ్లలో ఎలా చెప్పుకున్నారో తెలుసుకోవాలని మాత్రం అనుకోలేదు.

ఇద్దరి జీవితాలూ పైకి చాలా దగ్గరగా కనిపిస్తాయి. దె సాంక్తిస్ 1817లో దక్షిణ ఇటలీలో మొర్రా ఇర్పీనా అనే కొండపల్లెలో పుట్టాడు. కట్టమంచి 1880లో చిత్తూరు దగ్గర తన ఇంటిపేరు గల ఊళ్లోనే పుట్టారు. ఆయన ఐక్య ఇటలీకి విద్యామంత్రి అయ్యాడు, 1861లో మొదలుపెట్టి ఒకటికి రెండుసార్లు మళ్లీ. ఈయన 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వ దమననీతికి నిరసనగా రాజీనామా చేశారు. 1936లో తిరిగి వచ్చి 1949 దాకా ఉన్నారు. ఆయన బూర్బన్ రాజును ఎదిరించి జైలుకెళ్లాడు. ఈయన పదవి వదులుకున్నారు. ఇద్దరికీ రాజకీయం వెన్నతో పెట్టిన విద్య. సమాజం కుంగితే కవిత్వమూ కుంగుతుందని ఇద్దరూ నమ్మారు. పాత పండితుల మీద ఇద్దరూ కత్తి దూశారు. పాఠ్యపుస్తకాల వాళ్లు రాసే పోలికలు ఇక్కడితో ఆగుతాయి. నాకు కావలసింది ఇక్కడి నుంచే.

దె సాంక్తిస్ ముందు మాస్టారు, తర్వాతే విమర్శకుడు. నేపుల్స్‌లో మార్క్వెస్ బసీలియో పువోతి అని ఒక పండితుడు ఉండేవాడు. 14వ శతాబ్దపు ఇటాలియనే ఇటాలియన్, తక్కినదంతా భ్రష్టం అనే రకం. మన గ్రాంథికవాదుల్ని తలుచుకుంటే ఆయన రూపం కళ్లకు కడుతుంది. దె సాంక్తిస్ ఆయన శిష్యుడే. గురువు పంపగా చిన్నపిల్లలకు వ్యాకరణం చెప్పడంతో మొదలుపెట్టి, సైనిక పాఠశాలలో పనిచేస్తూనే సొంత బడి నడిపాడు. ఆ బడి 1848 దాకా నడిచింది. వ్యాకరణం, శైలి, అలంకారశాస్త్రం, నాటకం, చరిత్ర, ఒకదాని తర్వాత ఒకటి. అలంకారశాస్త్రం చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన చేసిన పని నాకు మహా ఇష్టం. ఉపమ ఇది, రూపకం ఇది, ఉత్ప్రేక్ష ఇది అని జాబితా వల్లె వేయించే చదువును పక్కకు నెట్టి, రాసేవాడికి చెప్పవలసిన విషయం ఉంటే మాట దాని వెంట వస్తుందనీ, విషయం లేనివాడికే అలంకారాల పెట్టె కావాలనీ తేల్చాడు. పువోతి దగ్గర నేర్చుకున్న ఒక మంచి అలవాటును మాత్రం వదల్లేదు. ఒకరి రాత మీద ఒకరు పిల్లలే మాట్లాడాలి, మాస్టారు ఆఖర్న మాట్లాడాలి.

1848 మే 15న నేపుల్స్ వీధుల్లో తిరుగుబాటు జరిగింది. మాస్టారు, శిష్యులు అందరూ వీధి అడ్డంకుల దగ్గరికి వెళ్లారు. లుయీజి లా విస్తా అనే శిష్యుడు, 22 ఏళ్లవాడు, ఆ రోజు చనిపోయాడు. మాస్టారు కొన్నాళ్లు కలబ్రియాలో తలదాచుకుని 1850 డిసెంబరులో దొరికిపోయాడు. సముద్రపు ఒడ్డున కాస్తెల్ దెల్లోవో కోటలో రెండున్నరేళ్లకు పైగా జైలు. అక్కడ కూర్చుని జర్మన్ నేర్చుకున్నాడు, హెగెల్ తర్కాన్ని ఇటాలియన్‌లోకి దించాడు. 1853లో ఓడ ఎక్కించి దేశం నుంచి వెళ్లగొట్టారు. అమెరికా పోవలసినవాడు మాల్టాలో దిగిపోయి తురీన్ చేరాడు. అక్కడ డాంటే మీద చేసిన ఉపన్యాసాల పేరు జ్యూరిచ్ దాకా పాకి, ఉద్యోగం తెచ్చిపెట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా ఊళ్లో ఐఐటీ 1951లో మొదలైంది హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో. 1931 సెప్టెంబరు 16న పోలీసులు కాల్పులు జరిపి సంతోష్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపిన చోటు అదే. అక్కడ ఖైదీ వెళ్లి ఇంజనీరింగ్ కాలేజీలో మాస్టారు అయ్యాడు. ఇక్కడ జైలే ఇంజనీరింగ్ కాలేజీ అయింది. ఇందులోంచి పెద్ద అర్థాలు లాగదలుచుకోలేదు. వింతగా ఉందని మాత్రం చెబుతున్నాను.

కట్టమంచి దారి వేరు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతూ ‘ముసలమ్మ మరణము’ రాసి బహుమతి కొట్టారు. తర్వాత కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, అక్కడి యూనియన్ చర్చాసభకు ఉపాధ్యక్షుడయ్యారు. తిరిగి వచ్చి బరోడాలో, ఆపైన మైసూరు మహారాజా కాలేజీలో ఉద్యోగం. చెప్పినవి చరిత్ర, ఇంగ్లీషు వంటి పాఠాలు. తర్వాత విద్యాశాఖ పరిపాలన, తర్వాత మద్రాసు శాసనమండలి. 1923లో పానగల్లు రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనే.

గమనించారా? తెలుగు విమర్శకు ఆద్యుడైన మనిషి తెలుగు పాఠం చెప్పి బతకలేదు. ఒక సాయంత్రం పూట నలుగురు పిల్లల ముందు పింగళి సూరన కళాపూర్ణోదయం తెరిచి, ‘ఇక్కడ ఏం జరుగుతోందిరా’ అని అడిగి, వాళ్లు తలా ఒకటి చెబితే విని, తన అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. ఇది నింద కాదు. ఆయన కాలంలో తెలుగు పండితుడి ఉద్యోగానికి కాలేజీలో ఉన్న గౌరవం ఏపాటిదో అందరికీ తెలుసు. కేంబ్రిడ్జి నుంచి వచ్చినవాడు తెలుగు పండితుడిగా చేరడమన్నది ఎవరికీ తట్టని ఆలోచన. కానీ దాని ముద్ర పుస్తకం మీద పడింది.

‘కవిత్వతత్త్వ విచారము’ కూడా ఒక అవిశ్వాస తీర్మానమే. ప్రబంధాల ఏలుబడి మీద పెట్టిన తీర్మానం. అభియోగాలు వరసగా వస్తాయి: వర్ణనల అతి, కథకు ఐక్యం లేకపోవడం, పాత్రలకు ప్రాణం లేకపోవడం, శృంగారం మితిమీరడం, చెప్పిందే చెప్పడం. ఎదటివాడు ఏమంటాడో ముందే ఊహించి జవాబు చెబుతారు. వ్యంగ్యం బాగా పండుతుంది. గ్రాంథికంలోనే రాసినా వాక్యం పరుగెత్తుతుంది. ఆ రోజుల్లో వచనానికి అంత కండ ఉండడమే విశేషం. పింగళి సూరనను ఆయన ఎత్తి నిలబెట్టారు. 16వ శతాబ్దపు కవిని కేవలం టీకాతాత్పర్యాలతో సరిపెట్టకుండా కథా నిర్మాణం ఎలా ఉంది, పాత్రలు ఎలా నడుస్తున్నాయి, కల్పన ఎంత దూరం పోయింది అని అడిగిన మొదటి పుస్తకం అది. ఆ ప్రశ్నలు లేకపోతే మనమంతా ఇంకా పద్యానికి అన్వయం చెప్పి, అలంకారం పేరు రాసి, ఛందస్సు గుర్తించి లేచిపోయేవాళ్లం. (చాలాచోట్ల ఇప్పటికీ అంతే అనుకోండి.)

అయితే అవిశ్వాస తీర్మానానికి ఒక లక్షణం ఉంది. ఓటు పడగానే పని అయిపోతుంది. సభ్యుడు ఔననో కాదనో అనాలి, మూడో మాటకు చోటు లేదు. కట్టమంచిని చదివినవాడు కూడా అంతే. ఔనన్నవాళ్లు ప్రబంధాలను చదవడం మానేశారు. కాదన్న పండితులు ఖండనలు రాశారు. రెండు పక్షాలూ కలిసి ఒక తరం విద్యార్థులకు ఇచ్చింది ఏమిటి? ‘ప్రబంధాలలో వర్ణనలు అధికము, చర్చించుము’ అనే పదిమార్కుల ప్రశ్న.

దె సాంక్తిస్ కూడా తీర్పులు చెప్పాడు, కట్టమంచి కంటే తక్కువేమీ కాదు. 1870, 71లలో వచ్చిన ఆయన ‘ఇటాలియన్ సాహిత్య చరిత్ర’ రెండు సంపుటాలూ ఒక పతనం కథ, ఆ తర్వాత ఒక లేవడం కథ. డాంటే దగ్గర మనిషి, కవి, పౌరుడు ఒక్కటే. పెట్రార్క్ దగ్గర కళాకారుడు మిగిలి మనిషి పలచబడ్డాడు. అరియోస్తో దగ్గర కళ ఆటగా మారింది. మరీనో దగ్గరికి వచ్చేసరికి శబ్దం తప్ప ఏమీ లేదు. మధ్యలో మాకియవెల్లి ఒక్కడు కళ్లు తెరుచుకుని నిలబడ్డాడు. మన ప్రబంధాల మీద కట్టమంచి ఆరోపణలన్నీ ఇక్కడ ఇటాలియన్ పేర్లతో కనిపిస్తాయి. మరీనో పట్ల, ఆయన శతాబ్దం పట్ల దె సాంక్తిస్ అన్యాయం చేశాడని తర్వాతివాళ్లు అన్నారు. అది నిజమే. దేశం ఒక్కటవుతున్న వేడిలో రాసిన పుస్తకం గనక సాహిత్యం మొత్తాన్నీ దేశపు నీతి చరిత్రగా చదివాడు. ఆ చట్రంలో ఇమడని కవి నలిగిపోయాడు.

ఇద్దరి చట్రాలూ పాతబడ్డాయి కదా, మరి ఒకరిని ఇటాలియన్‌వాళ్లు ఇంకా చదువుతూ ఉంటే, ఇంకొకరిని మనం పేరుకు మాత్రం తలుచుకుంటున్నామేం?

నా జవాబు చెబుతాను. దె సాంక్తిస్ తీర్పు కింద ఎప్పుడూ ఒక చదువు ఉంటుంది. తీర్పు కొట్టేసినా చదువు మిగులుతుంది. 1869లో ఆయన రాసిన ఫ్రాంచెస్కా వ్యాసం చూడండి. డాంటే నరకంలో అయిదో సర్గ. భర్త తమ్ముణ్ని ప్రేమించి ఇద్దరూ హత్యకు గురై, గాలివానలో ఎప్పటికీ తిరుగుతూ ఉండే ఆడమనిషి. అంతకు ముందు వ్యాఖ్యాతలు ఆమె పాపమెంత, పుణ్యమెంత అని కాటాలో తూచారు. కొందరు ఆమెను నిర్దోషిగా నిలబెట్టబోయారు. దె సాంక్తిస్ ఆ కాటా పక్కన పెట్టి, ఆమె ఏం మాట్లాడుతోంది, ఏం దాచుకోవడం లేదు అన్నది చూడమంటాడు. ఆమె తన బలహీనతను దాచదు, దాన్ని గొప్పగానూ చెప్పుకోదు. అందుకే ఆమె ఆధునిక యుగపు కవిత్వంలో కనిపించిన మొదటి సజీవ స్త్రీ అంటాడు. బియాట్రీస్ లాగా ఆకాశంలో నిలిచిన భావన కాదు, మనిషి. పక్కన ఆమె ప్రియుడు పావోలో ఒక్క మాట మాట్లాడడు, ఏడుస్తూ ఉంటాడు. అతనెందుకు ఉన్నట్టు? ఆమె మాటకు ఆ ఏడుపే రెండో సగమని చూపిస్తాడు. ఈ పరిశీలన ఆయన సాహిత్య చరిత్ర సిద్ధాంతం మీద ఆధారపడదు. రేపు ఎవరైనా డాంటేని పతనానికి ముందరి శిఖరం కాదని రుజువు చేసినా పావోలో ఏడుపు అక్కడే ఉంటుంది.

ఇలా చదవడం ఆయనకు ఎక్కడ అలవడింది? క్లాసులో. ఇందుకు గట్టి సాక్ష్యం ఉంది. నేపుల్స్ మొదటి బడిలో ఆయన చెప్పిన పాఠాలు ఆయన రాసుకోలేదు. శిష్యుల నోటు పుస్తకాల్లోంచి తర్వాత తత్త్వవేత్త క్రోచె సేకరించి అచ్చు వేయించాడు. మంత్రి పదవి తర్వాత 1871 నుంచి నేపుల్స్ విశ్వవిద్యాలయంలో తులనాత్మక సాహిత్యాచార్యుడిగా మాన్జోని, లెయోపార్ది వగైరాల మీద చెప్పిన పాఠాలు కూడా అంతే. ఫ్రాంచెస్కో తొర్రాకా అనే శిష్యుడు రాసిపెట్టినవి. ఆ మహా ‘చరిత్ర’ కూడా నిజానికి ఉన్నత పాఠశాల పిల్లలకు పాఠ్యపుస్తకంగా ఒప్పుకున్న పని. రాస్తూ రాస్తూ అదుపు తప్పి అంతయింది. చివర తన శతాబ్దానికి వచ్చేసరికి చోటు చాలక కుదించేశాడు. అంటే ఆయన రచనల్లో సగం శిష్యుల చెవిలోంచి వచ్చింది, తక్కిన సగం శిష్యుల కోసం వచ్చింది. వినేవాడు ఎక్కడ తల ఊపుతాడో, ఎక్కడ నొసలు ముడుస్తాడో తెలిసిన వాక్యం అది.

జ్యూరిచ్ నాలుగేళ్లూ సంతోషంగా గడిపాడనుకోవద్దు. ఒంటరితనం, చలి, చిన్న క్లాసు. కళాచరిత్ర చెప్పే బుర్క్‌హార్ట్ లాంటి సహోద్యోగులు ఉన్నా ఊరు తనది కాదు. కానీ పెట్రార్క్ మీద ఆయన పుస్తకానికి విత్తనం అక్కడి పాఠాలే. ఇంటి దగ్గర ఇటాలియన్‌వాడికి చెప్పనక్కర్లేని సంగతులు అక్కడ చెప్పాల్సి వచ్చింది. పెట్రార్క్ గొప్పవాడు అంటే నేపుల్స్‌లో నోరు మూసుకుని ఒప్పుకుంటారు. జ్యూరిచ్‌లో కూర్చున్న కుర్రాడు ‘ఎందుకు’ అంటాడు. పరాయి ఊళ్లో భాష చెప్పేవాడికి ఆ ‘ఎందుకు’ తప్పదు. ట్రాఫిక్‌లో తెలుగు చెప్పే ఏ మాస్టారినైనా అడగండి, రోజూ వింటాడు.

నేపుల్స్‌లో అంతకు ముందు ఇంకో సాహిత్యపు మాస్టారు ఉండేవాడు. జాంబాతిస్తా వీకో. 1699 నుంచి 1741 దాకా ఆ విశ్వవిద్యాలయంలో అలంకారశాస్త్రం చెప్పుకుని బతికాడు. జీతం స్వల్పం. 1723లో న్యాయశాస్త్ర పీఠానికి పోటీ చేస్తే రాలేదు. రెండేళ్ల తర్వాత ‘కొత్త శాస్త్రం’ అచ్చయింది. దె సాంక్తిస్ తన చరిత్రలో ఆయనకు పెద్ద పీట వేశాడు. అలంకారాల మాస్టారు మానవ చరిత్రకు తాళంచెవి వెతికాడంటే, ఆ పాఠం అంత ఎందుకూ పనికిరానిదేమీ కాదన్నమాట. దాన్ని చెప్పిన తీరు పనికిరానిది కావచ్చు.

మన దగ్గరికి వస్తే, దె సాంక్తిస్‌లో ఒక్కచోట ఉన్నది మనకు ముక్కలైంది. తీర్పు చెప్పే ధైర్యం కట్టమంచికి దక్కింది. క్లాసులోంచి భాషను చూసే చూపు గిడుగు రామమూర్తికి దక్కింది. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేస్తూ, పిల్లవాడి నోట్లో ఉన్న భాష ఒకటి, పుస్తకంలో ఉన్నది ఇంకొకటి అని పట్టుకున్నది ఆయన. అయితే ఆయన పోరాటమంతా భాష మీదే గడిచింది, కావ్య విమర్శకు తీరిక చిక్కలేదు. ఓపికగా పాఠం చెప్పే గుణం పింగళి లక్ష్మీకాంతానికి దక్కింది. 1931లో, రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రోజుల్లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పడానికి చేరినాయన. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి శిష్యుడు. ఆయన ‘సాహిత్య శిల్ప సమీక్ష’ చదివితే మంచి క్లాసులో కూర్చున్నట్టే ఉంటుంది. మన అలంకారికుల్నీ పాశ్చాత్య విమర్శనీ రెంటినీ తూకం తప్పకుండా చెబుతారు. తూకం తప్పకపోవడమే నాకు అందులో లోటు. ఎక్కడో ఒకచోట మాస్టారు బల్ల గుద్దాలి. కట్టమంచి బల్ల గుద్దారు గానీ క్లాసు లేదు. లక్ష్మీకాంతానికి క్లాసు ఉంది గానీ బల్ల గుద్దలేదు.

ముగ్గురూ ఒకే కాలంలో, ఒకే రైలుమార్గం చుట్టుపక్కల బతికారు. ముగ్గురి పనీ ఒకచోట కలిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించి అప్పుడప్పుడూ ఉసూరుమంటాను.

జ్యూరిచ్‌కి దగ్గరి పోలిక మనకు ఎక్కడో అమెరికాలో దొరుకుతుంది. వెల్చేరు నారాయణరావు 1970లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పడం మొదలుపెట్టి దశాబ్దాల పాటు చెప్పారు. అక్కడి విద్యార్థికి సూరన గొప్ప కవి అన్న మాట ఏ మాత్రం బరువు లేనిది. చూపించాలి. డేవిడ్ షుల్మన్‌తో కలిసి ఆయన కళాపూర్ణోదయాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన పుస్తకం 2002లో వచ్చింది. నవల అనే ప్రక్రియకు మన దేశంలో తొలి రూపం ఇదేనేమో చూడండి అన్నారు. మనుచరిత్రను 2015లో తెచ్చారు. కట్టమంచి ఎత్తి నిలబెట్టిన కావ్యాన్నీ, కట్టమంచి తరం పలచన చేసిన ప్రబంధ లోకాన్నీ ఒకే చేత్తో పట్టుకుని, వీటిలో మనిషి లోపలి లోకం ఎలా పుడుతోందో చూశారు. ఆయన అన్నవన్నీ నేను ఒప్పుకోను. ప్రతి పాత కావ్యంలో ఆధునికత వెతికే ఉత్సాహం కొన్నిచోట్ల ఎక్కువైంది. కానీ వంద ఏళ్ల నాటి ఓటింగు ఫలితాన్ని పక్కన పెట్టి మళ్లీ పద్యం తెరిచిన పని అది. ఆ పని బయటి ఊళ్లో, ‘ఎందుకు’ అనే పిల్లల ముందు జరగడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు.

ఒక్క ఉదాహరణతో తేల్చుకుందాం. కళాపూర్ణోదయంలో సుగాత్రీ శాలీనుల కథ ఉంది. కాశ్మీరంలో శారదాపీఠం దగ్గర జరిగే కథ. సుగాత్రి కలిగిన ఇంటి పిల్ల. శాలీనుడు పేదవాడు, సిగ్గరి, ఇల్లరికపు అల్లుడు. పెళ్లయ్యాక ఆమె ఒళ్లంతా నగలతో సింగారించుకుని దగ్గరికి వస్తే అతను పట్టించుకోడు. అత్తగారికి ఒళ్లు మండి అల్లుణ్ని తోటపనిలో పెడుతుంది. భర్త ఒక్కడూ కష్టపడుతుంటే చూడలేక సుగాత్రి నగలు తీసి పక్కన పెట్టి, తోటలోకి వెళ్లి అతనితో పాటు పనిచేస్తుంది. అప్పుడు అతనికి ఆమె మీద మనసవుతుంది.

కట్టమంచి ప్రశ్నల్ని దీనికి వేస్తే మంచి జవాబులే వస్తాయి. కథలో కొత్తదనం ఉందా? ఉంది. పాత్ర సహజంగా ఉందా? ఉంది. వర్ణన కథకు అడ్డు వచ్చిందా? లేదు. సూరనకు మంచి మార్కులు పడతాయి, పుస్తకం మూసేస్తాం. దె సాంక్తిస్ క్లాసులో అయితే పని అక్కడ మొదలవుతుంది. శాలీనుడు మాట్లాడడేం? అతనికి ఆమె ఇష్టం లేదా, లేక తన ఇల్లు కాని ఇంట్లో, తనవి కాని నగల ముందు తన చోటేమిటో తెలియక నలిగిపోతున్నాడా? అత్తగారి కోపం అల్లుడి మీదా, వేసిన నగలు వృథా పోయినందుకా? సుగాత్రి తోటలోకి వెళ్లింది మొగుణ్ని గెలుచుకుందామనా, జాలితోనా? జాలి అయితే ఆమె ఏమీ కోరకుండా చేసిన పనికే అతను లొంగాడన్నమాట. ఈ ప్రశ్నలకు సూరన సూటిగా జవాబు చెప్పడు. పద్యాల్లో ఆనవాళ్లు వదిలాడు. వెతుక్కోవాలి. వెతికే పిల్లకు అలంకారశాస్త్రం కూడా అప్పుడే అవసరపడుతుంది, ఏ మాట ఎందుకు ఆ చోట పడిందో చూసుకోవడానికి.

వర్క్‌షాపులో మూడు తరాలుగా చెమటోడ్చిన కుటుంబాల పిల్లలకు, పక్కన నిలబడి పనిచేసిన మనిషి మీద మనసు పడడమంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. ఇల్లరికం సంగతి అసలే వివరించనక్కర్లేదు. సూరన వాళ్లకు దూరం కాడు. పద్యంలోని నాలుగు కఠిన పదాలే దూరం. అది మాస్టారు ఒక్క పూటలో దాటించగలిగిన దూరం.

కట్టమంచికి నేను ఇచ్చే చోటు తక్కువది కాదు. ముసలమ్మ అనే పల్లెటూరి కోడలిని, చెరువుకట్ట కోసం ప్రాణమిచ్చిన మనిషిని, కావ్యనాయికను చేసినవాడు ఆయన. తన విమర్శలో అడిగిన సజీవ పాత్రను కుర్రతనంలోనే తానే రాసి చూపించారు. తెలుగువాళ్లకు విశ్వవిద్యాలయం నిలబెట్టారు. కానీ విమర్శకుడిగా ఆయన మనకు ఇచ్చింది తీర్పు. దె సాంక్తిస్ తన వాళ్లకు ఇచ్చింది చదివే పద్ధతి. రెంటిలో బడికి పనికొచ్చేది రెండోది. మన తెలుగు శాఖలు మొదటిదాన్ని పట్టుకుని దాని నుంచి నోట్సు తయారుచేసి, కావ్యం తెరవకుండానే పరీక్ష రాయగలిగే ఏర్పాటు చేశాయి. ఈ తప్పు కట్టమంచిది కాదు, ఆయన తర్వాత వచ్చిన మనది.

ఖరగ్‌పూర్‌లో తెలుగు చెబుతున్న మాస్టార్లకు, ట్రాఫిక్, మథురాకాటి, నింపురా తెలుగు సంఘాలవాళ్లకు నా మనవి ఒక్కటే. హోదా వచ్చింది గనక రేపోమాపో సిలబస్ అంటారు. అందులో ‘కవిత్వతత్త్వ విచారము - ప్రాశస్త్యము’ అనే పాఠం పెట్టకండి. ముందు సుగాత్రీ శాలీనుల కథ చదివించండి, పిల్లల చేత మాట్లాడించండి, మీరు ఆఖర్న మాట్లాడండి. కట్టమంచి వారి తీర్పు ఆ తర్వాత చూపించి, ఒప్పుకుంటారా లేదా అని వాళ్లనే అడగండి.